రత్నమాణిక్యం విప్పిన ముళ్ళు

పెద్దాపురం మరిడమ్మ జాతరకి వచ్చినవాళ్ళెవరినైనా జీళ్ళ కొట్టు ఎక్కడని అడగండి. "చంద్రరావు గారి కొట్టాండి? అదిగో, ఆ నీలం బరకం కిందండి" అని చెయ్యెత్తి చూపిస్తారు. కొట్టు ముందు వేలాడే ఫ్లెక్సీ మీద పేరు చంద్రరావుది, పక్కన నవ్వుతున్న ఫొటో కూడా ఆయనదే. బెల్లం పాకం పట్టేది, ఆ పాకాన్ని రాటకి కొట్టిన మేకుకి తగిలించి భుజాలు పడిపోయేలా లాగి లాగి తెల్లబరిచేది, ముక్కలు కోసి నువ్వులద్దేది మాత్రం ఆయన భార్య రత్నమాణిక్యం. ఆవిడ పేరు ఆ ఫ్లెక్సీ మీద ఏ మూలా లేదు. అచ్చువేసేవాడు అడిగాడట, అమ్మగారి పేరు కూడా పెడదామా అని. చోటు చాలదన్నాడట చంద్రరావు. తన ఫొటోకి మాత్రం సగం ఫ్లెక్సీ వాడుకున్నాడు.

రత్నమాణిక్యం గురించి తోటి కొట్లవాళ్ళు చెప్పుకునే మాట ఒకటే, ఆవిడకి నోరెక్కువ అని. నిజమే, ఎక్కువే. ఇష్టమొచ్చినంతసేపు బేరమాడి కొనకుండా పోతున్నవాణ్ణి వెనక్కి పిలిచి, "రుచి చూస్తానని నోట్లో వేసుకున్న ముక్క సంగతేంటండి బాబూ" అని నలుగురూ వినేట్టు అడగగల మనిషి. అయితే ఆ నోరు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. మండపేటలో పెరిగినన్నాళ్ళూ ఎదురు మాట్లాడి ఎరగని పిల్ల. ఆ నోరు ఈ బరకం కిందే పెరిగింది. ఎందుకు పెరిగిందో అడిగినవాడు ఒక్కడూ లేడు కాబట్టి, అడక్కుండానే చెప్పాలి.

జీళ్ళ వ్యాపారానికి పోటీ కొట్టువాడు శత్రువు కాదు. అసలు శత్రువు చెమ్మ. ఒక్క జల్లు పడిందంటే కరకరలాడాల్సిన జీడి వేళ్ళకంటుకుని సాగుతుంది, నువ్వులు ఊడిపోతాయి, పక్క తట్టలో ఖర్జూరం మీద ఈగలు ముసురుతాయి. ద్రాక్షారామం శివరాత్రికి మంచు, ఎండాకాలం ఊరూరి తీర్థాలకి, అదే జాతరలకి, గాలిదుమ్ము, ఆషాఢంలో పెద్దాపురానికి వాన. వీటన్నిటికీ అడ్డం ఆ నీలం టార్పాలిన్ ఒక్కటే, గోదావరి వాళ్ళ మాటలో బరకం. రెండు రాటలు పాతి, మధ్యలో తాడు లాగి, దాని మీద బరకం పరిచి, నాలుగు మూలలనీ నేలలో దిగ్గొట్టిన ఇనప మేకులకి కట్టాలి. కట్టు వదులైతే నీళ్ళు నిలిచి బరకం కుంగుతుంది. అసలు సడలనివ్వకుండా బిగిస్తే గాలికి బరకం అంచున ఉన్న ఇత్తడి రింగులు పీక్కుని వచ్చేస్తాయి. కొట్టు నిలబడాలన్నా మునగాలన్నా ఆ నాలుగు మూలల్లోనే ఉంది.

ఆ మూలల్లో వేసే ముడి చంద్రరావు ఇంటి ముడి. తాతగారు వాళ్ళ నాన్నగారికి నేర్పారు, ఆయన ఈయనకి నేర్పారు. తీర్థంలో కొట్టు వేసే రోజు చంద్రరావు తలస్నానం చేసి, విభూది పెట్టుకుని, తాడు కళ్ళకద్దుకుని మరీ కడతాడు. కట్టేటప్పుడు ఆడవాళ్ళు ఆ తాడు ముట్టకూడదు. ముట్టుకుంటే ఆ తీర్థంలో బేరం ఉండదని వాళ్ళింటి నమ్మకం. రత్నమాణిక్యం కాపరానికొచ్చిన ఏడాది, ద్రాక్షారామంలో గాలికి ఒక మూల ఊడిపోతుంటే, కొత్త కోడలు పాపం పరుగున వెళ్ళి తాడందుకుంది. అత్తగారు అన్నపూర్ణమ్మ ఆ చేతి మీద ఒక్కటి చరిచి తాడు లాక్కుంది. "నీకెందుకే ఆ పని? బేరం చావాలనా?" అంది, కొనడానికొచ్చినవాళ్ళందరి ముందూ. ఆ రోజు సాయంత్రానికి తట్టలన్నీ ఖాళీ అయ్యాయి. తాడు ముట్టుకున్నా బేరం బాగానే సాగిందేంటని ఆ ఇంట్లో ఒక్కరూ అనలేదు.

మరి విప్పడానికి? దానికి ఏ పట్టింపూ లేదు. తీర్థం అయిపోయిన మర్నాడు చంద్రరావు టీ కొట్టు బెంచీ మీద కూర్చునేవాడు. బరకం మీద నిలిచిన మురికినీళ్ళు ఒంపుకుని, బురద పట్టిన తాళ్ళు విప్పుకుని, బరకం కడిగి ఆరేసి మడత పెట్టేది రత్నమాణిక్యం. కట్టేటప్పుడు మడీ ఆచారం, విప్పేటప్పుడు వొట్టి చాకిరీ. ఆచారమంతా ఆయన వాటాకి, చాకిరీ అంతా ఈవిడ వాటాకి. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ కొట్టుకి ఆవిడ విప్పని ముడి లేదు, కట్టిన ముడీ లేదు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక, బేరమాడేవాళ్ళ మీద చూపించేది.

ఈ ఏడు జాతరకి కూతురు దుర్గాశ్రీ, అల్లుడు గణేష్‌బాబు సాయానికొచ్చారు. గణేష్‌బాబు రాజమహేంద్రవరంలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని చేస్తాడు. స్నేహితులతో మారేడుమిల్లి క్యాంపింగ్‌కి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి అతనికి తాళ్ళంటే చులకన. అక్కడ టెంటు మీద పట్టా కట్టడానికి ఒక్క ముడి కూడా వెయ్యలేదట, అన్నీ తగిలించేయడమేనట. వస్తూనే ఒక సంచీ తెచ్చి అత్తగారి ముందు కుమ్మరించాడు. స్టీలు కొక్కేలు, స్ప్రింగు క్లిప్పులు, లారీ మీద సరుకు బిగించే బెల్టు ఒకటి.

"మావయ్యగారు ఇంకా ఆ తాళ్ళతో ఎందుకండి అవస్థ పడటం? ఇవి తగిలిస్తే చిటికెలో పనండి" అన్నాడు.

చంద్రరావు అప్పటికే మేకులు పాతి, విభూది పెట్టుకుని, తాడు చుట్ట భుజాన వేసుకుని వస్తున్నాడు. ఆ మాట చెవిన పడింది. తాడు చుట్ట తీసి పెట్టె మీద పడేశాడు.

"మా తాతగారి ముడికి ఇనప ముక్కలు పోటీ వచ్చాయా అల్లుడుగారూ? అలాగే కానివ్వండి. తగిలించుకోండి. నేను ముట్టుకోను" అన్నాడు. తిన్నగా వెళ్ళి ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. అలిగినప్పుడు ఆ మనిషి ఆసనం అదే.

రత్నమాణిక్యం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పొద్దున్న లేచింది మొదలు ఆ బరకం కింద కూర్చునేది ఆవిడ. తడిస్తే పోయేది ఆవిడ చేతి కష్టం. తాడుతో కడదామా, కొక్కెంతో కడదామా అని ఆవిడని అడగాలని ఒక్కరికీ తోచలేదు. ఇద్దరు మగవాళ్ళ పౌరుషానికి తన జీళ్ళ తట్టలు పందెం అయ్యాయని ఆవిడకి అప్పుడే అర్థమైంది.

గణేష్‌బాబు నిజంగానే చిటికెలో కానిచ్చేశాడు. మధ్యలో తాడుకి బదులు లారీ బెల్టు బిగించాడు. మూలల్లో రింగులకి కొక్కేలు తగిలించి, ఆ కొక్కేలని మేకులకి గొలుసులతో కలిపాడు. చూడ్డానికి బాగుంది, బరకం మీద ఒక్క ముడత లేదు. పక్క గాజుల కొట్టు చిట్టెమ్మ వచ్చి చూసి, "మీ అల్లుడుగారు భలే చేశారండి రత్నమ్మగారూ" అంది. బెంచీ మీద చంద్రరావు కాలు మార్చి వేసుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక పడమటి గాలి లేచింది. బరకం ఒకసారి పైకి ఉబ్బింది, తిరిగి కిందికి వాలింది. వాలినప్పుడు గొలుసు సడలి, ఒక మూల కొక్కెం రింగులోంచి జారి కింద పడింది. గణేష్‌బాబు పరుగెత్తి మళ్ళీ తగిలించేలోపు రెండో మూలా అలాగే జారింది. మూడో మూల కొక్కెం జారలేదు కానీ రింగునే చీల్చుకుని వచ్చేసింది. గాలి వెనకే జల్లు. దుర్గాశ్రీ, చిట్టెమ్మ ప్లాస్టిక్ కాగితాలు తెచ్చి కప్పుతుండగానే ఒక తట్టెడు జీళ్ళు తడిసి ముద్దయ్యాయి. తెల్లవారుజామున లేచి రత్నమాణిక్యం లాగిన పాకం అది.

జల్లు ఆగింది. మబ్బు మాత్రం తగ్గలేదు, కోట వైపు నుంచి ఇంకా నల్లగా కమ్ముకొస్తోంది. మళ్ళీ పట్టిందంటే మిగతా తట్టలు కూడా పోతాయి, జాతర మొదట్లోనే కొట్టు మూసుకోవాలి. అంత ప్రాణం మీదికొచ్చిన వేళ, చంద్రరావు బెంచీ మీద నుంచి లేచి వచ్చి నవ్వాడు.

"చూశారా అల్లుడుగారూ? ఇనుముకి ఒడుపు తెలీదు. ఆ కొక్కేలన్నీ ముందు ఆ వెనక కాలవలో పారేయండి. అప్పుడు కడతాను."

"నేను పారెయ్యనండి. మేకులు సరిగ్గా పాతలేదు కాబట్టి ఇలా అయింది. తప్పు కొక్కేలది కాదండి" అన్నాడు గణేష్‌బాబు, ముఖం ఎర్రగా చేసుకుని.

"మేకులు పాతింది నేనండి."

"అందుకే చెబుతున్నానండి."

అండీ, అండీ అనుకుంటూనే ఇద్దరూ గొంతులు పెంచారు. మర్యాదకేం లోటు లేదు, బరకం ఒక్కటే నేల మీద ఉంది.

"ఏమండీ, మీ తగువు సాయంత్రం పెట్టుకోండి. వాన వచ్చేస్తోంది, ముందు కట్టండి" అంది రత్నమాణిక్యం.

"ఆ ఇనుము తియ్యమను, కడతాను."

"పోనీ నాకు చూపించండి, నేను కడతాను."

చంద్రరావు ఆ మాటకి కోపం కూడా తెచ్చుకోలేదు. చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "ఇది నీకు పట్టుబడేది కాదే. వంశంలో ఉండాలి" అన్నాడు.

"అల్లుడుగారు మీ వంశమా? పోయిన దసరాకి ఆయనకి నేర్పుతానని మీరే అన్నారుగా."

చంద్రరావు అలవాటైన పనే చేశాడు. వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

రత్నమాణిక్యానికి అప్పుడొచ్చిన కోపం మామూలు కోపం కాదు. ఎన్నో ఏళ్ళ కిందట అత్తగారు చరిచిన చోట, ఇప్పుడే చరిచినట్టు, చెయ్యి చురుక్కుమంది. కొంగు బొడ్లో దోపుకుంది. పెట్టె మీద పడేసిన తాడు చుట్ట అందుకుంది. చిట్టెమ్మ "అయ్యో, రత్నమ్మగారూ" అనబోయి ఆవిడ ముఖం చూసి ఊరుకుంది.

కట్టడం ఆవిడకి తెలియదు. విప్పడం మాత్రం చీకట్లో కూడా వచ్చు. మొదట వేలాడే కొస పట్టి లాగాలి, మడత జారిపోతుంది. తర్వాత ఆ కొస ఉచ్చులోంచి బయటికొస్తుంది. తర్వాత మేకు మీద రెండు చుట్లు తిప్పి తియ్యాలి. ఆఖరికి తాడు ఒక్కసారి విదిలిస్తే మధ్యలోని ఉచ్చు దానంతట అదే మాయమవుతుంది. రింగు చినిగిన మూలైతే, తాడు తియ్యగానే బరకం మడతలోంచి ఒక గులకరాయి ఒళ్ళో పడుతుంది. అంటే కట్టేటప్పుడు ఇదంతా కొస నుంచి మొదటికి రావాలి. ఇందులో వంశం ఎక్కడుందో ఆవిడకి కనిపించలేదు.

చినిగిన మూలతోనే మొదలుపెట్టింది. నేల మీద గులకరాయి ఒకటి ఏరి, బరకం మూల మడతలో పెట్టి, దాని మెడ చుట్టూ తాడు బిగించింది. తాడు మధ్యలో ఉచ్చు వేసి, మేకు చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొసని ఉచ్చులోంచి లాగింది. లాగగానే ఉచ్చు కాస్తా ఊడిపోయింది. టీ కొట్టు వైపు నుంచి నవ్వు వినిపించింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఊడిపోయింది.

ఉచ్చు విదిలిస్తే పోతుందని తెలుసు, అది ఎటు మెలిక తిరిగి ఉంటుందో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. తాడు చేతిలో పెట్టుకుని వేలితో తడిమింది. పాత తాడు. ఏళ్ళ తరబడి ఒకే చోట, ఒకే వైపు మెలిక పడి పడి, అక్కడ నూలు అరిగి తెల్లబడి, కొంచెం వంకర తేలి ఉంది. ఆ వంకర ఎటు తిరగమందో అటు తిప్పింది. కొస దూర్చి, ఒంటి బరువంతా వేసి వెనక్కి లాగింది. పాకం లాగే భుజాలు అవి. బరకం మూల బిర్రుగా లేచి నిలబడింది. కొసని మడిచి దోపేసింది.

"అమ్మా, నిలిచిందే" అంది దుర్గాశ్రీ.

"నువ్వూ పట్టు. ఎటు తిప్పానో చూడు" అంది రత్నమాణిక్యం.

మిగతా మూలలు తల్లీ కూతుళ్ళు కలిసి కట్టారు. కొక్కేలు తీసేస్తుంటే గణేష్‌బాబు ముఖం చిన్నబోయింది. కానీ మధ్యలో బిగించిన లారీ బెల్టుని మాత్రం ఆవిడ కదపలేదు. తాడైతే రోజూ సడలి మళ్ళీ బిగించుకోవాలి, ఇది చెక్కు చెదరలేదు. అది చూసి చంద్రరావు బెంచీ మీద నుంచే అరిచాడు, "అది కూడా తియ్యమను" అని.

"అది బాగానే ఉంది, ఉంటుంది. మూలల్లో కొక్కెం పనికిరాదు, ఉండదు. నా కొట్టుకి ఏది పనికొస్తుందో నాకు తెలుసు. ఇంక మీ ఇద్దరిలో ఎవరూ మాట్లాడకండి" అంది రత్నమాణిక్యం. ఎన్నాళ్ళకో ఆవిడ ఆ కొట్టుని నాది అంది. మావా అల్లుళ్ళకి ఆ క్షణంలో మొదటిసారి ఒకరి మీద ఒకరికి జాలి కలిగింది.

వాన వచ్చింది, గట్టిగానే కురిసింది. బరకం ఉబ్బింది, వాలింది, మూలలు మాత్రం కదల్లేదు. నీళ్ళు ధారగా వెనక కాలవలోకి పోయాయి. జాతర జరిగినన్నాళ్ళూ మళ్ళీ ఒక్క జీడి తడవలేదు. బేరం చావనూ లేదు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. అసలు ఒళ్ళు మండే సంగతి ఆ తర్వాతే. తెలిసినవాళ్ళు కొట్టు దగ్గర ఆగి, "ఏంటి చంద్రరావు గారూ, ఈ ఏడు కట్టు కొత్తగా ఉంది, బెల్టులూ అవీ" అని అడిగేవారు. చంద్రరావు ఏ మాత్రం తడుముకోకుండా, "మా అల్లుడు కట్టాడండి. ముడి నాదే, నేర్పాను" అనేవాడు. అదివరకు కాలవలో పారేయమన్న మనిషే. గణేష్‌బాబు అవునని అనేవాడు కాదు, కాదనీ అనేవాడు కాదు, సిగ్గుపడుతున్నట్టు నవ్వేవాడు. రత్నమాణిక్యం అక్కడే, రెండడుగుల దూరంలో, జీళ్ళు పొట్లం కడుతూ వింటూ ఉండేది. పెళ్ళాం కట్టిందని చెప్పడానికి ఆయన నోరు ఎందుకు పెగలలేదు? బేరం పోతుందనా, పరువు పోతుందనా? ఆవిడ అడగలేదు. నోరెక్కువన్న పేరున్న మనిషి ఆ జాతర అంతా ఆ మాట ఎత్తకుండా ఊరుకుంది. అన్నాళ్ళు ఊరుకుంటే ఏదో ఉందని చంద్రరావుకి తెలియాల్సింది.

జాతర ముగిసిన మర్నాడు పొద్దున్న కొట్లన్నీ విప్పుతున్నారు. సామాను పెట్టెల్లోకి ఎక్కింది, బరకం ఒక్కటే మిగిలింది. చంద్రరావు అలవాటుగా తువ్వాలు దులుపుకుని టీ కొట్టు వైపు బయల్దేరాడు.

"ఏమండీ, ఎక్కడికి? బరకం విప్పండి" అంది రత్నమాణిక్యం.

"నేనా?"

"మీరేనండి. ఈసారి కట్టింది నేను. కట్టినవాళ్ళు విప్పకూడదుగా మన కొట్లో."

చిట్టెమ్మ గాజులు సర్దడం ఆపి చూసింది. పక్క కొట్లవాళ్ళు కూడా ఇటు తిరిగారు. నలుగురిలో కాదనలేక చంద్రరావు వెనక్కి వచ్చి ఒక మూల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ముడి పట్టుకుని చూశాడు. ఒక తాడు లాగాడు, ముడి ఇంకా బిగుసుకుంది. ఇంకోటి లాగాడు, మేకు కదిలింది కానీ ముడి కదల్లేదు. వానకి తడిసి ఎండి తాడు గట్టిపడి ఉంది. గోళ్ళతో గీకాడు. ఊరూరి తీర్థాల్లో తాడు కళ్ళకద్దుకుని కట్టిన మనిషి, తన ఇంటి ముడి ఎలా విప్పాలో ఒక్కనాడూ తెలుసుకోలేదు. తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడు పడింది?

"దుర్గా, కత్తి ఇలా తే" అన్నాడు చివరికి.

"కొయ్యకండి. మీరు కట్టిన ముడి ఒక్కటైనా నేను ఇన్నేళ్ళలో కోశానా?" అంది రత్నమాణిక్యం.

చంద్రరావు మరి కాసేపు ఆ తాడుతో అవస్థ పడ్డాడు. చెమట పట్టింది. అల్లుడు సాయానికి కదలబోతే దుర్గాశ్రీ అతని చెయ్యి పట్టి ఆపింది.

"ఎలా విప్పాలో చెప్పు" అన్నాడు చంద్రరావు. గొంతు చాలా చిన్నగా ఉంది, అయినా చిట్టెమ్మ దాకా వినిపించింది.

"ఆ వేలాడే కొస పట్టి లాగండి."

లాగాడు. మడత జారింది, ఉచ్చు వదిలింది, తాడు మేకు మీద నుంచి ఊడి చేతిలోకి వచ్చింది. బరకం మడతలోంచి గులకరాయి ఆయన కాళ్ళ దగ్గర పడింది.

"ఇంతేనా?" అన్నాడు చంద్రరావు.

"ఇంతే. ఈ పాటిదానికి నా చేతి మీద కొట్టారు మీవాళ్ళు. మీరు పక్కనే నిలబడి చూశారు" అంది రత్నమాణిక్యం.

చంద్రరావు గులకరాయి తీసి చేతిలో తిప్పి చూశాడు. ఆవిడ "ఇంకా మూడు మూలలున్నాయి" అని చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, రోడ్డు దాటి వెళ్ళి టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఒక టీ ఇమ్మంది.